ఇంట్లో వెలగని పచ్చ లైటు

షాపులో పెడితే పచ్చ లైటు వెలుగుతుంది. ఇంటికి తెచ్చి పెడితే ఎర్ర లైటు మినుకుమంటుంది. ఛార్జరు అదే, బ్యాటరీ అదే. అయినా షాపులో ఒక బుద్ధి, ఇంట్లో ఒక బుద్ధి. మనుషుల్లో ఇలాంటివాళ్ళని భాగ్యరేఖ చూసింది. వస్తువుల్లో చూడడం ఇదే మొదలు.

ఆ బ్యాటరీ డ్రిల్లు మిషనుది. మిషను ఆమె భర్త సతీష్‌కుమార్‌ది. అతను జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో షట్‌డౌను పనికి వెళ్ళాడు. యంత్రాలన్నీ ఆపి మరమ్మతు చేసే రోజులవి, కాంట్రాక్టు మనుషులకి అక్కడే తిండి, అక్కడే నిద్ర. వైరున్న పెద్ద డ్రిల్లు తనతో పట్టుకుపోయి, వైరు లేని ఈ చిన్నదాన్ని ఇంట్లో ఉంచాడు. ఉంచింది బాల్కనీ కోసం.

భిలాయి సెక్టర్ 7లో వాళ్ళ క్వార్టరు పైఅంతస్తులో ఉంది. బాల్కనీకి ఇనప ఊచల రెయిలింగు. అందులో ఒక ఊచ తుప్పు పట్టి ఎప్పుడో ఊడిపోయింది. ఇన్నాళ్ళూ ఆ ఖాళీని ఎవరూ పట్టించుకోలేదు. అమ్ము పట్టించుకుంది. మూడేళ్ళు నిండని ఆ పిల్ల ఒక కాలు ఖాళీలోంచి బయట పెట్టి, రెండోది కూడా పెట్టడానికి ఒళ్ళు పక్కకు తిప్పుకుంటుండగా భాగ్యరేఖ కంటపడింది. ఆమె అరవలేదు. అరిస్తే పిల్ల ఉలిక్కిపడి జారుతుందని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చప్పుడు కాకుండా వెళ్ళి, జబ్బ పట్టుకుని లోపలికి లాగేసింది.

ఆ రోజు నుంచీ బాల్కనీ తలుపు గడియకి పాతచీర పేలికతో గట్టి ముడి. ఏప్రిల్ ఎండకి ఇల్లు పెనంలా కాలుతున్నా తలుపు తీసేది లేదు. సతీష్ వెళ్ళేలోపు రెయిలింగుకు సరిపడా ఇనప జాలీ ఒకటి వెల్డింగు చేయించి తెచ్చి హాల్లో గోడకి ఆనించాడు. "గోడకి బెజ్జాలేసి బిగించీడమే. నాన్న చూసుకుంటాడులే" అన్నాడు.

నాన్న అంటే అప్పలకొండ. ఉక్కు ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. పక్షవాతం ఒకసారి తాకి వదిలేసింది గానీ, కుడిచేతిలో వణుకు మిగిల్చింది. పెద్ద డ్రిల్లు ఆయన చేతిలో నిలవదు, దున్నపోతులా ఎగిరి పడుతుంది. ఈ చిన్నదైతే పట్టుకోగలడు. ఎవరైనా పనివాణ్ణి పిలుద్దామని భాగ్యరేఖ ఒకసారి నోరు జారింది.

"నా బతుకంతా బోల్టులు బిగించినాను. నా మనవరాలి జాలీకి ఇంకొకడు రావాలేటి?" అన్నాడాయన.

అంతటితో ఆ మాట అయిపోయింది. మేకులు, బెజ్జాల్లో బిగించే ఫాస్టనర్లు అన్నీ సిద్ధం చేసుకున్నాడు. రేపు పొద్దున్న మొదలు అనుకున్నాడు. ఆ సాయంత్రమే గాలివాన వచ్చింది. ఉరుము ఉరిమింది. గోడ దగ్గర ప్లగ్గులో ఉన్న ఛార్జరు ఫట్‌మని, దాని లైటు ఆరిపోయింది. డ్రిల్లులో ఛార్జి చుక్క లేదు.

భాగ్యరేఖకు కరెంటంటే భయం. చిన్నప్పుడు ఎవరో చెప్పిన సంగతేదో మనసులో పడి, ప్లగ్గు పెట్టాలన్నా తియ్యాలన్నా మావయ్యనే పిలిచేది. అలాంటిది ఆ ఛార్జర్ని బ్యాటరీతో సహా గుడ్డసంచిలో వేసుకుని, అమ్మును చంకనెత్తుకుని, మర్నాడు పొద్దు వాలాక సెక్టరు మార్కెట్లో సుభాష్ షాపుకి బయల్దేరింది.

సుభాష్ తెలుగువాడే గానీ పుట్టింది భిలాయిలో. అతని తెలుగు రెండు మాటలు నడిచి, మూడో మాటకి హిందీ ఎక్కుతుంది. మిక్సీలూ ఫ్యాన్లూ ఛార్జర్లూ కుప్పలుగా ఉన్న షాపులో, నెత్తిమీద పెద్ద ఫ్యాను కింద కూచుని పని చేస్తుంటాడు.

"బైఠో దీదీ. ముందర ఈ కూలరు మోటరు చూసి మీది చూస్తా."

ఆమె కూచుంది. అతను ఛార్జరు వీపు విప్పుతుంటే మెడ సాచి చూసింది. లోపల ఒక ఊరే ఉంది. చిన్న చిన్న డబ్బాలు, తీగ చుట్టలు, గోళీల్లాంటివి. అందులో ఒక డబ్బా నెత్తి ఉబ్బి, పగిలి ఉంది.

"ఇది చచ్చింది దీదీ. పక్కనున్న ఫ్యూజు కూడా సాథ్ మే పోయింది."

"ఉబ్బింది చచ్చినట్టేనా?"

"ఉబ్బితే చచ్చినట్టే."

"మరి ఆ పక్కదో? అదీ కాస్త ఉబ్బినట్టుంది."

సుభాష్ కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు. నవ్వాడు. "అది పుట్టుకతోనే అంత. మీరు అన్నిటికీ జబ్బు అంటగట్టకండి."

పాతవి తీసి కొత్తవి అతికించాడు. సీసం కరిగిన వాసనకి అమ్ము ముక్కు మూసుకుంది. మూత బిగించి ప్లగ్గు పెట్టి బ్యాటరీ దూర్చాడు. పచ్చ లైటు వెలిగింది, నిలకడగా.

"పచ్చ అంటే ఎక్కుతున్నాది. ఖతం. తీసుకుపోండి."

మర్నాడు మధ్యాహ్నం అప్పలకొండ గోడ దగ్గర కూచుని ఛార్జరులో బ్యాటరీ పెట్టాడు. ఎర్ర లైటు. అది కూడా నిలకడగా కాదు, కన్ను కొడుతున్నట్టు మినుకు మినుకు. ఎర్ర మినుకంటే ఏమిటో, పచ్చంటే ఏమిటో చెప్పే బొమ్మల కాగితం ఒకప్పుడు ఛార్జరు మీదే అంటించి ఉండేది. దాన్ని అమ్ము ఎప్పుడో గోళ్ళతో గీకేసింది.

"ఏటమ్మా, నీ సుభాష్ ఏటి బాగుచేసినాడు?"

"అక్కడ పచ్చగా ఎలిగినాది మావయ్యా. నా కళ్ళారా చూసినాను."

"అయితే మన ప్లగ్గు మీద వానికి కోపమేటి?"

ప్లగ్గుదే తప్పేమోనని కింది క్వార్టరు సత్యవాణి ఇంటికి పట్టుకెళ్ళారు. సత్యవాణి ప్లాంటు ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. గొంతు పెద్దది, మనసు మంచిది. ఆమె తన టీవీ ప్లగ్గు పీకేసి మరీ చోటిచ్చింది. అక్కడా ఎర్రే.

"మా ఇంట్లో కూడా మీ అత్తగారింట్లోలాగే చేస్తన్నాది గదే" అని సత్యవాణి నవ్వింది. "దిష్టి తగిలినాదేమో, ఉప్పు తిప్పి పడెయ్యి."

దిష్టి మాట భాగ్యరేఖకు నచ్చలేదు. నచ్చకపోయినా ఉప్పు తిప్పింది. ఉప్పుకీ లైటు మారలేదు. ఆ సాయంత్రం మళ్ళీ సంచి, మళ్ళీ చంకన అమ్ము, మళ్ళీ సుభాష్ షాపు. వెళ్ళేసరికి నలుగురు ముందున్నారు. ఫ్యాను కింద బల్లమీద తన సామాను పెట్టి, ఆమె వంతు కోసం చూసింది. వంతు వచ్చింది. సుభాష్ ఛార్జరు విప్పనేలేదు. ప్లగ్గు పెట్టి బ్యాటరీ దూర్చాడంతే.

పచ్చ లైటు.

"దీదీ, మీకు రంగులు సరిగా కనబడతాయా?"

"పోవయ్యా. కిందింటి పిన్ని కూడా చూసింది."

"అయితే దీనికి నా షాపు ఇష్టం. ఇక్కడే ఉంచేసుకుంటా, ఇంటల్లుణ్ణి చేసుకుంటా."

పక్కన కూచున్నవాళ్ళు నవ్వారు. భాగ్యరేఖ నవ్వలేదు. నవ్వితే ఆలోచన చెదిరిపోతుందని ఆమె భయం. ముందుకు వంగి బ్యాటరీ కిందవైపు చూసింది. ఇటూ అటూ రెండు వెడల్పాటి రేకులున్నాయి, మధ్యలో సన్నటి రేకొకటి ఉంది.

"భయ్యా, ఇటూ అటూ ఉన్నవి కరెంటు రావడానికీ పోవడానికీ అనుకుందాం. మరి ఈ మధ్యదేటి?"

"అదా? అది హాల్ పూఛ్‌నే కా. బ్యాటరీ బాగోగులు అడుగుతాది. బాగున్నావా అంటే బాగున్నానంటే ఛార్జి ఇస్తాది. లేకపోతే లేదు."

"బాగోలేదని ఎలాగ చెప్తాది?"

"అది కంపెనీవాళ్ళకి తెలుసు దీదీ. నాకు ఉబ్బినవి మార్చడం తెలుసు."

"పోనీ నిండేదాకా ఇక్కడే ఉంచుతావా?"

"ఎక్కడ ఉంచను? రేపు తెల్లారి మా బావమరిది పెళ్ళికి పోతున్నా. తిరిగొచ్చేదాకా షాపు బంద్. ఇంకో పదినిమిషాలు కూచోండి, ఎంతెక్కితే అంత."

ఎక్కిన కాస్త ఛార్జితో మర్నాడు ఉదయమే అప్పలకొండ తలుపు ముడి విప్పించి, జాలీని బాల్కనీ గోడకి చేర్చాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని డ్రిల్లు నొక్కాడు. సున్నం రాలింది, తర్వాత ఇటుకపొడి ఎర్రగా రాలింది. బెజ్జం సగంలో ఉండగా మిషను మూలిగి ఆగిపోయింది. బిట్టు గోడలోనే ఇరుక్కుంది. దాన్ని చేత్తో తిప్పి తిప్పి బయటికి లాగేసరికి ఆయనకి చెమటలు పట్టాయి.

"బలం నేదు దీనికి" అని బ్యాటరీని పీకి పట్టుకెళ్ళిపోయాడు.

ఆ సగం బెజ్జం రోజంతా భాగ్యరేఖ కళ్ళముందే ఉంది. మధ్యాహ్నం మావయ్య మళ్ళీ బ్యాటరీ పెట్టాడు, మళ్ళీ ఎర్ర మినుకు. సతీష్‌కి ఫోను చేసింది. వెనక యంత్రాల హోరు.

"ఎర్రగా కొట్టుకుంటే ఛార్జరు పోయినట్టే. వదిలెయ్యవే. నేనొచ్చాక కొత్తది చూద్దాం."

"నువ్వొచ్చేలోపు పిల్ల..."

"ముడి ఉంది కదా?"

ముడి ఉంది. ఆ సాయంత్రం భాగ్యరేఖ పప్పు తాలింపు పెట్టి హాల్లోకి వచ్చేసరికి ముడి లేదు. అమ్ము తలుపు దగ్గర కూచుని, చీర పేలికను మెడకి చుట్టుకుని ఆడుకుంటోంది. ముడి విప్పడం వచ్చేసింది పిల్లకి. ఇంకా తలుపు తోసుకు వెళ్ళలేదంతే. భాగ్యరేఖ పేలిక తీసేసి, ఈసారి మూడు ముళ్ళు వేసింది. రేపు మూడూ విప్పుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

ఆ రాత్రి నిద్ర రాక ఆమె పదే పదే ఒకటే అడుక్కుంది: షాపులో ఉన్నదేమిటి, ఇంట్లో లేనిదేమిటి? ప్లగ్గు కాదు, సత్యవాణి ప్లగ్గు కూడా చూశారు. పెట్టే చెయ్యి కాదు, వస్తువు కాదు. తల్లికి జబ్బు చేసి తను బడి మానేసిన రోజుల్లో, లెక్కల మాస్టారు బోర్డు మీద వేసి వదిలేసిన లెక్క ఒకటి ఇలాగే చాన్నాళ్ళు ఆమె వెంటపడింది. జవాబు ఎవరూ చెప్పలేదు. ఇది అలాంటిది కాదు. దీని జవాబు ఇంట్లోనే ఎక్కడో ఉంది.

మర్నాడు అప్పలకొండకి దుర్గ్‌లో పెన్షను పని పడింది. ఉదయమే చొక్కా తొడుక్కుని, బయల్దేరుతూ చెప్పాడు.

"మజ్జాన్నానికి వస్తాను. ఆ బ్యాటరీ వంటింటి కిటికీ గట్టుమీద ఉంది. నేనొచ్చి పెడతాను. నువ్వు ముట్టుకోకు, నీకు భయం."

గట్టుమీద ఎందుకున్నదో ఆమె అడగలేదు. కొత్తేమీ కాదు. ఛార్జరు పాడైన దగ్గర్నుంచీ ఆయన దాన్ని రోజూ అక్కడే పెడుతున్నాడు. పప్పు ఆరబెట్టినట్టు, ఆవకాయ జాడీ పెట్టినట్టు. పెద్దాయన పని, తనకెందుకు అనుకుంది. వంటింట్లో తిరుగుతున్నా దాని జోలికి పోలేదు.

పది దాటాక గాలి లేచింది. ప్లాంటు వైపు నుంచి వచ్చే ఎర్రటి దుమ్ము కిటికీలోంచి పొయ్యి మీదికి కొట్టింది. భాగ్యరేఖ పరుగెత్తి రెక్క మూయబోయింది. గట్టుమీద బ్యాటరీ అడ్డం వచ్చింది. ముట్టుకోవద్దన్నారు. దుమ్ములో వదిలెయ్యలేదు. కొంగు చేతికి చుట్టుకుని దాన్ని లోపలికి తీసి బల్లమీద పెట్టింది. పెట్టి, ఆలోచించకుండానే, చెయ్యి తిరగేసి వేళ్ళ వెనకభాగం దాని నెత్తిమీద ఆనించింది.

రోజుకి ఎన్నిసార్లు అమ్ము నుదుటి మీద అలా ఆనిస్తుందో ఆమెకే లెక్క తెలియదు. పిల్ల తుమ్మితే ఒకసారి, పాలు వదిలేస్తే ఒకసారి, బాగా ఆడుకుంటున్నా ఒకసారి. సతీష్ ఆటపట్టిస్తాడు గానీ, ఆ వేళ్ళు ఎప్పుడూ తప్పలేదు. థర్మామీటరు పెట్టి చూసేలోపే ఎంతో చెప్పేస్తాయి.

ఆ వేళ్ళు ఇప్పుడు బ్యాటరీ మీంచి చటుక్కున వెనక్కి వచ్చాయి.

"ఓలమ్మో" అంది భాగ్యరేఖ. "దీనికి జొరం."

తనలో తను అనుకున్న మాటకి అమ్ము తల తిప్పింది. "ఎవులికి జొరం?"

"దీనికే. బ్యాటరీకి."

"సూది?"

ఆ మాటతో ఆమె అక్కడే నిలబడిపోయింది. పోయిన నెల అంగన్‌వాడీలో టీకా వేయించడానికి వెళ్తే, ముందు పిల్ల ఒళ్ళు ముట్టుకుని చూసిన నర్సమ్మ సూది పక్కన పెట్టేసింది. ఒళ్ళు వెచ్చగా ఉంది, తగ్గాక తీసుకురా అంది. పిల్లా బాగానే ఉంది, సూదీ బాగానే ఉంది. అయినా ఆ రోజు వెయ్యలేదు. ఈ ఛార్జరు చేసింది కూడా అదేనేమో. మధ్య రేకు బాగోగులు అడుగుతుందన్నాడు సుభాష్. ఇది కాగిపోతున్నానని చెప్తోంది. అది ఎర్రగా మినుకుమని, తగ్గాక రా అంటోంది. తగ్గేదాకా ఎవరు ఆగారు? మినుకు చూడగానే మావయ్య దాన్ని పీకేసి, బలం లేదని మళ్ళీ ఎండలో పెడుతున్నాడు.

సుభాష్ షాపులోనో? పొద్దు వాలాక వెళ్ళింది. ఫ్యాను కింద బల్లమీద వంతు వచ్చేదాకా పెట్టింది. చల్లారింది.

నిజమేనా, తను అనుకుంటున్నదేనా అని మళ్ళీ మళ్ళీ అడుక్కుంది. ప్లగ్గు తనే పెట్టాలి. మావయ్య వచ్చేదాకా ఆగలేదు. చెప్పులు తొడుక్కుంది, చెయ్యి పొడిగా తుడుచుకుంది, మొహం పక్కకి తిప్పుకుని ఛార్జరు ప్లగ్గు దూర్చింది. ఏమీ కాలేదు. కాగిపోతున్న బ్యాటరీని అలాగే పెట్టింది. ఎర్ర మినుకు. ఇది తెలిసిందే. తీసేసింది. నీళ్ళ కుండ పక్కన, తడి తగలకుండా, నేలమీద పెట్టి ఎదురుగా కూచుంది. అమ్మును ఒళ్ళో కూచోబెట్టుకుంది. మధ్యమధ్యలో చెయ్యి తిరగేసి చూసింది. ముందు కాలింది. తర్వాత వెచ్చగా ఉంది. తర్వాత అమ్ము పొట్టలా ఉంది. చివరికి నేల ఎంత చల్లగా ఉందో అంత చల్లగా అయింది.

పెట్టింది.

పచ్చ.

అమ్ము చప్పట్లు కొట్టింది. భాగ్యరేఖకు నమ్మకం చాల్లేదు. అదృష్టంకొద్దీ వెలిగిందేమో, ఒకసారితో తేలదు. తీసేసి మళ్ళీ కిటికీ గట్టుమీద ఎండలో పెట్టింది. కాగేదాకా ఆగింది. పెట్టింది. ఎర్ర. చల్లారబెట్టింది. పచ్చ. అప్పుడు గానీ ఆమె నోట్లోంచి గాలి బయటికి రాలేదు. గోడకి ఆనుకుని, పిల్ల జుట్టులో మొహం దాచుకుని నవ్వింది. మళ్ళీ లేచి పచ్చ లైటు ఉందో లేదో చూసుకుంది. ఉంది.

ఇక మిగిలిన చిక్కు ఒకటే. మావయ్యకి ఎలా చెప్పాలి? ఎండలో పెట్టడం ఆయన తెలిసీ తెలియక చేసిన పని కాదు. ఏదో నమ్మకంతో, రోజూ శ్రద్ధగా చేసిన పని. నువ్వు పెట్టే ఎండే జబ్బు అని కోడలు ఎలా అంటుంది? చెప్పకుండా దాచి ఛార్జి ఎక్కించెయ్యొచ్చు. కానీ రేపు మళ్ళీ ఎండలో పెడతాడు.

అప్పలకొండ ఒంటిగంట దాటాక వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది, చొక్కా వీపుకి అతుక్కుంది. భాగ్యరేఖ కంచం పెట్టింది.

"ఆగమ్మా" అని ఆయన ఫ్యాను కింద కుర్చీలో వెనక్కి వాలాడు. "ఎండలోంచి వచ్చి ఎంటనే తింటే లోపలికి దిగదు. కాస్త చల్లారనీ నన్ను."

ఆ మాట విని ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఎంత ఆపుకుందామన్నా నవ్వు ఆగలేదు.

"ఏటి? ఎందుకు నవ్వుతన్నావు?"

"మీ బ్యాటరీ కూడా అదే అంటన్నాది మావయ్యా. ఎండలోంచి వచ్చినాను, ఎంటనే తిననంటన్నాది. కాస్త చల్లారనీ అంటన్నాది."

అప్పలకొండ కళ్ళు తెరిచాడు. కోడలి వైపు చూశాడు. గోడ దగ్గర పచ్చ లైటు వైపు చూశాడు.

"ఎవుల్చెప్పినారు? సుభాషా?"

"సుభాష్ పెళ్ళికి పోయినాడు. దుమ్ము వస్తే గట్టుమీంచి తీసినాను. చెయ్యి కాలిపోయినాది. జొరం ఉన్న పిల్లకి టీకా వెయ్యరు కదా, అలగే ఉంటాదేమో అని చల్లార్చి పెట్టినాను."

భాగ్యరేఖ ఆయన మొహం చూడకుండా కంచం సర్దింది. ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్ళి గొంతుక్కూచున్నాడు.

"తియ్యి. మళ్ళీ ఎండలో పెట్టు. నా ఎదుట ట్రయలివ్వు."

"మావయ్యా, ఎక్కుతున్నాది కదా..."

"పెట్టమన్నాను. ప్లాంటులో ట్రయలు నేకుండా ఏ మిషనూ లైనెక్కదు."

పెట్టారు. కాగింది. ఎర్రగా మినుకుమంది. ఆయన దాన్ని ఛార్జరులోనే వదిలేసి, ఎదురుగా చాప మీద కూచుని కంచం తెప్పించుకున్నాడు. మజ్జిగన్నం కలుపుకుంటూ కళ్ళు దానిమీదే పెట్టాడు. తీయలేదు, ముట్టలేదు. ఆఖరి ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా ఎర్ర మినుకు దానంతట అదే ఆగి, పచ్చ వెలిగింది.

"ఓరి దీని దుంపతెగ" అన్నాడు అప్పలకొండ, నోట్లో అన్నంతోనే. "దానికది ఆగి, దానికది తింటన్నాది. మనమే ఆగనేదు."

చెయ్యి కడుక్కుని వచ్చాక మాట్లాడాడు. ఇప్పుడాయన గొంతులో కోపం లేదు, పిల్లవాడి ఆశ్చర్యం ఉంది.

"నైటు షిఫ్టుకి టార్చిలైటు ఉండీది. సెల్లులు డల్లయిపోతే కేంటీను రేకుల మీద ఎండలో పేర్చీవోళ్ళం. మజ్జాన్నందాకా ఎండ తాగితే ఆ రాత్రికి ఎలిగీవి. మా ఫోర్‌మేను అయితే ట్రాన్సిస్టరు సెల్లులు కూడా పెట్టీవోడు. అవి ఎండ తాగీవి. ఇవి ఎండ తాగవన్నమాట."

"మీరు మంచికే పెట్టినారు."

"మంచికే పెట్టినాను. దాన్ని అడగనేదు" అని నవ్వాడు. వెంటనే మొహం గంభీరంగా పెట్టాడు. "సతీష్‌గాడికి మాత్రం ఉరుముకే పాడయినాదని చెప్పు."

"ఉరుముకే పాడయినాది కదా మావయ్యా."

"అదే. ఆ తర్వాతది వొద్దు."

బ్యాటరీ నిండేసరికి ఎండ వాలింది. సత్యవాణి వచ్చి అమ్మును ఎత్తుకుని హాల్లో కూచుంది. భాగ్యరేఖ మూడు ముళ్ళూ విప్పి తలుపు తీసింది. ఇంట్లోకి గాలి వచ్చింది. అప్పలకొండ సగం బెజ్జంలో బిట్టు పెట్టి, కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకున్నాడు. బిట్టు గోడమీద తడబడింది. ఒకసారి జారింది. ఇంకోసారి జారింది.

"ఇలా రా" అన్నాడు తల తిప్పకుండా.

"నేనా?"

"నా చెయ్యి వణుకుతాది. నువ్వు వచ్చి ముందర పట్టుకో. నేను వెనక నొక్కుతాను."

"నా చెయ్యి కూడా వణుకుతాది మావయ్యా."

"పరవానేదు. నీ వణుకు వేరు. అది మిషను తిరిగితే పోద్ది."

ఆమె మిషను మెడ పట్టుకుంది. ఆయన నొక్కాడు. మిషను తిరిగిన దడ మోచేతుల్లోంచి భుజాల దాకా పాకింది. కళ్ళు మూసుకోబోయి మూసుకోలేదు. బిట్టు లోపలికి వెళ్ళడం చూడాలనిపించింది. సున్నం, ఇటుకపొడి, తర్వాత బూడిదరంగు సిమెంటు. బెజ్జం పడింది. రెండోదానికి ఆయన నొక్కుతుంటే ఆమె "ఇంకాస్త ఎత్తండి, వంకర పోతన్నాది" అంది. అన్నాక నాలిక కరుచుకుంది. ఆయన ఎత్తాడు.

లోపల్నుంచి సత్యవాణి కేకేసింది. "గోడ కూల్చీస్తన్నారా ఏటి మావా కోడలూ? మా ఇంటి సీలింగులోంచి సున్నం రాలుతాది!"

"నీ సీలింగు రాలితే మా కోడలు అతికిస్తాది. నోరుమూసుకు పిల్లగుంటని చూడు" అన్నాడు అప్పలకొండ.

జాలీ ఎక్కింది. నట్లు బిగించడం మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. స్పానరు పట్టగానే ఆ చెయ్యి పాత బుద్ధి తెచ్చుకున్నట్టు నిలబడింది. అన్నీ బిగించాక భాగ్యరేఖ ముందుకొచ్చి జాలీ మూల పట్టుకుని లాగింది. రెండో మూల లాగింది. కింద కూచుని అడుగుభాగం లాగింది. చెయ్యి దూరుతుందా, కాలు దూరుతుందా అని వేళ్ళు పెట్టి చూసింది. మళ్ళీ మొదటి మూలకి వచ్చింది.

"ఇంక చాలమ్మా. ఏనుగొచ్చి గుద్దినా కదలదు."

"ఏనుగు కాదు మావయ్యా. అమ్ము" అంది ఆమె, ఇంకోసారి లాగుతూ.

సత్యవాణి పిల్లను దించేసింది. అమ్ము పరుగెత్తుకొచ్చింది. గుమ్మం దగ్గరే భాగ్యరేఖ దాని గౌను వెనక పట్టుకుంది. పిల్ల ముందుకి గుంజింది. తలుపు ఇవతల తల్లి, అవతల పిల్ల, మధ్యలో గౌను బిగుసుకుంది.

కింద రోడ్డు మీద సాయంత్రం షిఫ్టు సైకిళ్ళు పోతున్నాయి. అమ్ము చెయ్యి చాచి ఏదో చూపిస్తోంది. అప్పలకొండ స్పానరు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

భాగ్యరేఖ గౌను వదిలింది.

పిల్ల వెళ్ళి రెండు అరచేతులూ ముక్కూ జాలీకి ఆనించి, కింద పోతున్న ఒక్కొక్క సైకిల్నీ పిలవసాగింది.